పడుగంటే పేక

పోయిన వారం శ్రీరంగప్ప ఇంటి పంచలో రాతి స్తంభానికి చేతులు వెనక్కి విరిచి కట్టేసిన ఓబుళేసునూ, వాడికెదురుగా చంటిబిడ్డను చంకనేసుకుని నిలబడ్డ వాడి అక్క తిరుపాలమ్మనూ వదిలేసి వచ్చాం. వదిలేసి రావడానికి మనకేం, పేజీ తిప్పితే సరిపోయింది. ఆమెకు మాత్రం కదలడానికి చోటు లేదు. ముందు వాకిలి నిండా మగ్గాల వీధి జనం, వెనక ఆ ఇంటి తలుపు, పక్కన కుర్చీలో కూర్చుని లాఠీతో వీపు గోక్కుంటున్న హెడ్ కానిస్టేబులు.

మొన్న దీపాలు పెట్టే వేళ, కరెంటు పోయిన అదను చూసి, ఎవరో శ్రీరంగప్ప తలుపు తట్టారు. ఆయన ఊళ్ళో లేడు. ఆయన అక్క భద్రమ్మ లోపల్నుంచి ఇంటి మాట, అంటే ఇంటివాళ్ళకే తెలిసిన గుర్తు మాట, అడిగింది. బయటివాడు సరైన జవాబే చెప్పాడు. ఆమె గడియ తీసింది. ముఖాలకు గుడ్డలు కట్టుకున్న ముగ్గురు లోపలికి చొరబడ్డారు. అడ్డం వెళ్ళిన శ్రీరంగప్ప కొడుకు వెంకటేశులును దుడ్డుకర్రతో తలమీద కొట్టి, పెళ్ళి చీరల కోసం దాచిన పట్టూ జరీ మూటకట్టుకుని పోయారు. వెంకటేశులు ఇప్పుడు అనంతపురం పెద్దాసుపత్రిలో కళ్ళు తెరవకుండా పడి ఉన్నాడు. తిరుపాలమ్మ అతని భార్య. గార్లదిన్నె అవతల పల్లెలో సేద్యగాళ్ళ బిడ్డ. ఆ రోజు మధ్యాహ్నమే ఆమె తమ్ముడు ఓబుళేసు మేనల్లుడిని చూడ్డానికి సీతాఫలాలు తీసుకుని వచ్చిపోయాడు. అనుమానానికి ఇంతకన్నా ఏం కావాలి?

శ్రీరంగప్ప ఇల్లు కాపాడుకోవడం తెలియని మనిషి కాదు. వానలు మొహం చాటేసి, చెరువు అడుగున మట్టి పెళ్ళలు లేచిన ఈ ఏడాది, చుట్టుపక్కల ఊళ్ళలో దోపిడీలు మొదలైనాయి. అందరూ భయపడ్డారు గానీ ఆయన ఒక్కడే బుర్ర పెట్టాడు. కిటికీలకు ఇనుప కమ్మీలు వేయించాడు. ప్రహరీ మీద గాజుపెంకులు పాతించాడు. వెలుతురు కోసం మిద్దెకు వదిలిన గవాచికి కూడా ఇనుప జల్లెడ బిగించాడు. తలుపు వెనక మనిషి చేయంత లావు గడియమాను, దాని పక్కన కారంపొడి డబ్బా. శుక్రవారం వస్తే ఇంటిల్లిపాదికీ పాఠం. ఆయన చప్పట్లు కొట్టగానే తిరుపాలమ్మ బిడ్డను తీసుకుని గింజల గదిలోకి పోవాలి, భద్రమ్మ కారం డబ్బా అందుకోవాలి, వెంకటేశులు గంట తాడు లాగాలి. వీధిలో వాళ్ళు నవ్వుకున్నా, పెళ్ళాం పిల్లలున్న ప్రతివాడూ చేయవలసిన పనే అది. అందులో నేను తప్పు పట్టను.

తప్పంతా చివర్న చేసిన పనిలో ఉంది. దాన్ని తలుచుకునే ఆయన ఎక్కువ మురిసిపోయాడు. చీకటి పడ్డాక ఎవరు తలుపు తట్టినా లోపలివాళ్ళు 'పడుగు' అనాలి. బయటివాళ్ళు 'పేక' అనాలి. నిలువు పోగు పడుగు, అడ్డ పోగు పేక. ఇది చెప్పిన రోజు ఆయన కోడలి ముందే కుండబద్దలు కొట్టాడు.

"దొంగలు యాడినుంచి వస్తారు? పల్లెల మీంచి వస్తారు. సేద్యగాళ్ళు, కూలోళ్ళు, కడుపు కాలినోళ్ళు. వాళ్ళ నోటికి ఈ మాట రాదు. ఈ మాట తెల్సినోడు మనోడు. తెలీనోడు బయటోడు. అంతే లెక్క."

సేద్యగాళ్ళ బిడ్డ ఆ పక్కనే కూర్చుని బిడ్డకు ఉగ్గు పెడుతోంది. ఆ మాట తనకు తగులుతుందని ఆయనకు తోచనే లేదు. తోచినా ఆగేవాడు కాదు.

ఇప్పుడు ఆ లెక్కే వాకిట్లో నడుస్తోంది.

"ఇంగ దాపరికమేముండాది సార్!" అంది భద్రమ్మ గడపలో నిలబడి. భర్త పోయినప్పటి నుంచి తమ్ముడి ఇంట్లో పెద్దరికం ఆమెదే. గొంతు వీధి చివరికి వినిపిస్తుంది. "నేను పడుగు అన్యా, వాడు పేక అన్నాడు. మా ఇంట్లో నలుగురికి తప్ప ఆ మాట దేవునిక్కూడా తెలీదు. నా తమ్ముడు చెప్పడు. నేను చెప్పను. వెంకటేశులు నెత్తి పగిలి పడుండాడు. ఇంగ మిగిలిందెవురు? ఈయమ్మే. మధ్యాహ్నం తమ్ముడొచ్చినాడు, పండ్లు ఇచ్చినాడు, మాట పట్టుకోని పోయినాడు."

"పెద్దత్తా, నేను చెప్పలేదు."

"నువ్వు చెప్పకుండా గాలి చెప్పిందా?"

హెడ్డు ఆవులించాడు. వచ్చినప్పటి నుంచి రెండుసార్లు కాఫీ తాగి, మూడుసార్లు ఓబుళేసును కొట్టాడు. కొట్టినప్పుడల్లా వాడు ఒకటే మాట అన్నాడు: "నాకేం తెలీదు సార్, గొర్రెలు ఇడిచిపెట్టి వచ్చినా సార్." వాడి పెదవి చిట్లింది. ఎడమ కన్ను మూసుకుపోయింది. చిన్నప్పుడు తల్లి కూలికి పోతే తిరుపాలమ్మ తన వీపున మోసుకు తిరిగిన తమ్ముడు. వాణ్ణి జీపెక్కిస్తే ఇంక మనిషిగా తిరిగి రాడని ఆమెకు తెలుసు. ఈ వాకిట్లో తేలితేనే తేలాలి.

హెడ్డు కొట్టిన చోటు చూస్తూ చూస్తూ ఉండగా ఆమెకు ఆ మధ్య జరిగినదొకటి గుర్తొచ్చింది. ఇంటి మాట పెట్టిన మరుసటి సాయంత్రం ఆమె నీళ్ళకు పోయి బిందె నెత్తిన పెట్టుకుని వచ్చింది. తలుపు మూసి ఉంది. లోపల్నుంచి భద్రమ్మ "పడుగు" అంది. తిరుపాలమ్మ చెవికి అది 'పిడుగు' అని వినపడింది. పిడుగు పడిందంటే వానే కదా అని, వెర్రిది, నెత్తిన బిందెతోనే తలెత్తి ఆకాశం చూసింది. నీళ్ళన్నీ ఒలికి చీర తడిసింది. ఆకాశంలో ఏమీ లేదు. భద్రమ్మ కిటికీలోంచి అంతా చూస్తూ కూడా తలుపు తీయలేదు. మెడ నరాలు లాగేదాకా నిలబెట్టి, 'పేక' అనిపించి, అప్పుడు తీసింది. ఆ రాత్రి వెంకటేశులు ఆమె మెడకు నూనె రాస్తూ ఏడ్చినంత పని చేశాడు. అత్తను మాత్రం ఒక్క మాట అనలేదు. మంచివాడే గానీ ఆ ఇంట్లో నోరున్న మగాడు ఒక్కడే, అది వాళ్ళ నాయన.

తిరుపాలమ్మ ముందుకొచ్చింది.

"సార్, ఒక్క పని చేయండి. మా తమ్ముణ్ణి ఆ మాట అడగండి."

"తెల్సినోడు తెల్సునంటాడా?" భద్రమ్మ అరిచింది.

"తెల్సునా అని అడగొద్దు సార్. తలుపు కాడ పెద్దత్త అడిగినట్ల అడగండి. ఉన్నట్టుండి."

హెడ్డుకు కాస్త సరదా పుట్టింది. లేచి స్తంభం దగ్గరికి పోయి, ఓబుళేసు చెవి పక్కన గట్టిగా "పడుగు!" అన్నాడు.

ఓబుళేసు ఉలిక్కిపడ్డాడు. వాచిన మొహం ఎత్తి, ఒక్క కంటితోనే పంచ చూరు దాటి ఆకాశం వెతికాడు.

"పిడుగా సార్? యాడ పడింది? మా పక్కనా? గొర్రెలు ఆడే ఉండాయి సార్!"

వాకిట్లో జనం గొల్లున నవ్వారు. ఎవరో ఈల కూడా వేశారు. చావుదెబ్బలు తిన్నవాడు గొర్రెల గురించి అడగడం వాళ్ళకు అంత నవ్వు తెప్పించింది. తిరుపాలమ్మకు ఒళ్ళు మండిపోయింది, అయినా ఓర్చుకుంది.

"పడుగు అంటే పేక అనల్లరా," అన్నాడు హెడ్డు, నవ్వాపుకుంటూ. "పేక అంటే ఏందో తెల్సునా?"

"తెల్సు సార్. మా ఊర్లో ఆడేవాళ్ళుండారు. నేను ముక్క ముట్టను సార్, మా నాయన మీద ఆన."

మళ్ళీ నవ్వు. ఈసారి హెడ్డు కూడా నవ్వాడు.

"నాటకం సార్! నాటకం ఆడతాండాడు!" భద్రమ్మ గడప దిగి వచ్చింది. "వీడికి తెలీకపోతే ఇంగెవురికి తెల్సుంటాది?"

"ఎవురికి తెల్సో నేను చూపిస్తా," అంది తిరుపాలమ్మ.

ఆమె అరుగు అంచుకు నడిచింది. జనం ఏం చేస్తుందోనని దారి ఇచ్చారు. మగ్గాల వీధిలో రోజూ తెల్లవారుతూనే వీధి పొడుగునా పడుగు సాగదీస్తారు. ఈ కొసన నలుగురు, ఆ కొసన నలుగురు. దారం బిగిసిందో లేదో తెలియడానికి ఈ కొసవాళ్ళు ఒక కేక వేస్తారు, ఆ కొసవాళ్ళు బదులు కేక వేస్తారు. తాతల నాటి నుంచి అంతే. ఈ వీధిలో పుట్టినవాడికి అది కాకి అరుపుతో సమానం, చెవిన పడుతుంది గానీ లెక్కలోకి రాదు. బయటినుంచి వచ్చిన తిరుపాలమ్మకు మాత్రం కొత్తలో ప్రతి ఉదయం ఆ కేకకే మెలకువ వచ్చేది.

ఆమె గుండెల నిండా గాలి పీల్చి, వాళ్ళ రాగంలోనే కేకేసింది.

"పడుగో...!"

"పేకో...!"

ఒక గొంతు కాదు. వాకిట్లో నిలబడ్డ జనంలో సగం మంది నోళ్ళు వాళ్ళకు తెలియకుండానే తెరుచుకున్నాయి. పక్క మగ్గాల కొట్టంలోంచి వచ్చింది. రాట్నం తిప్పుతున్న ముసలమ్మ తల ఎత్తకుండానే అంది. వీధి మలుపులో సైకిలు తుడుచుకుంటున్నవాడు అన్నాడు. అందరికన్నా దగ్గరగా, తన వెనకనే, భద్రమ్మ నోరు కూడా అనేసింది. అనేశాక ఆమె నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

చంకలో బిడ్డ బెదిరి ఏడుపు లంకించుకున్నాడు.

కబురంది నిన్ననే ఊరికి తిరిగొచ్చి, పంచలో పడక్కుర్చీలో కూర్చున్న శ్రీరంగప్ప మెల్లగా నిటారుగా లేచి కూర్చున్నాడు. పుట్టినప్పటి నుంచి రోజూ వింటున్న కేక. ఎవరికీ తెలియని రహస్యమని తను ఏరికోరి పెట్టుకున్న మాటను ఊరంతా పొద్దున్నే గొంతెత్తి అరుస్తోందని ఈ నిమిషం దాకా ఆయనకు తట్టలేదు. ఎంత ముందుచూపున్న మనిషి! దొంగ అంటే సేద్యగాడే అనుకున్నాడు. మగ్గం ముందు కూర్చున్నవాడికి కూడా చేతులుంటాయని ఆయన పాఠంలో లేదు.

కేక అణిగిపోయాక, ఆలస్యంగా, ఎదురింట్లోంచి ఇంకొక గొంతు వచ్చింది. రాగం లేదు. పొడిగా, తలుపు దగ్గర జవాబు చెప్పినట్టు.

"పేక."

భద్రమ్మ వెనక్కి జరిగి గడప మీద చతికిలబడింది. ఎదురింట్లో మగ్గం నేసేది తిప్పయ్య, ఆమె ఒక్కగానొక్క కొడుకు. మేనమామతో మాటా మాటా అనుకుని పోయిన ఉగాదికి విడిపోయాడు. తల్లి మాత్రం తమ్ముడి అన్నం మానలేక ఇక్కడే ఉండిపోయింది.

తిరుపాలమ్మ వంగి, జనానికి వినపడకుండా, ఆమెనే అడిగింది.

"పెద్దత్తా, మొన్న తలుపు కాడ ఇనింది ఈ గొంతేనా?"

"నా కొడుకు అట్లాంటోడు కాదు," అంది భద్రమ్మ.

ఎవరూ ఆమె కొడుకు పేరెత్తలేదు. ఆ సంగతి ఆమెకు తర్వాత తెలిసింది. తమ్ముడి మొహంలోకి చూసింది. శ్రీరంగప్ప అప్పటికే కుర్చీలోంచి లేచి వస్తున్నాడు. గొంతు గుర్తుపట్టే ఆమె గడియ తీసిందని, కొడుకు అలిగి ఇన్నాళ్ళకు ఇంటికొచ్చాడని సంబరపడి తీసిందని, వెనకనున్న ఇద్దరినీ చూశాక నోరు పడిపోయిందని, ఇప్పటిదాకా ఆ నోటితోనే ఒక అమాయకుణ్ణి కొట్టిస్తూ ఉందని ఆ ఒక్క చూపులో ఆయనకు అర్థమైపోయింది.

ఆయన కోడలి మోచేయి పట్టుకుని తలుపు లోపలికి లాక్కుపోయాడు.

లోపల కారంపొడి వాసన. గడియమాను గోడకు ఆనించి ఉంది. శ్రీరంగప్ప తిడతాడనుకుంది తిరుపాలమ్మ. ఆయన తిట్టలేదు. నెమ్మదిగా, శుక్రవారం పాఠం చెప్పినట్టే చెప్పాడు.

"నువ్వు తెలివిగల దానివే అమ్మి. ఒప్పుకుంటా. నాకు తెల్సిపోయింది, నీకూ తెల్సిపోయింది. ఇంగ ఇది ఈ గడప దాటకూడదు."

"మరి మా తమ్ముడు మామా?"

"మీ తమ్ముడు పోతాడు. ఆర్నెల్లో, ఏడాదో. బైట ఉండి మాత్రం ఏం తింటాండాడు? ఈ కరువులో లోపలైతే అన్నమన్నా పెడ్తారు."

ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, తిరుపాలమ్మ ఒక క్షణం తను సరిగ్గా వినలేదనుకుంది.

"వాడు ఏం తప్పు చేసినాడని మామా?"

"తప్పు చేసినాడని నేనన్నానా? ఇల్లు కాపాడుకునేదంటే కమ్మీలు, గాజుపెంకులు అనుకుంటాండావా? కాదు. ఎవురు లోపలోళ్ళు, ఎవురు బయటోళ్ళు అని ముందే అనుకోని పెట్టుకోవాల. సమయం వచ్చినప్పుడు ఆలోచించకూడదు. తిప్పయ్య నా అక్క కడుపున పుట్టినోడు. వాడు దొంగైనా లోపలోడే. మీ తమ్ముడు దేవుడైనా బయటోడే."

"మీ కొడుకు నెత్తి పగలగొట్టినాడు మామా!"

శ్రీరంగప్ప దవడ కండరం కదిలింది. కొడుకంటే ఆయనకు ప్రేమ లేక కాదు. ఆ ప్రేమను ఎక్కడ పెట్టాలో కూడా ఆయన ముందే ఏర్పాటు చేసుకుని ఉంటాడు.

"దానికి నేను వాణ్ణి చూసుకుంటా, నా పద్ధతిలో. స్టేషన్లో కాదు. మా ఇంటి బిడ్డ దొంగ అని ఈ వీధి అనకూడదు. అంటే రేప్పొద్దున నా గడప తొక్కేవాడుండడు."

"నేను లోపలిదాన్నా, బయటిదాన్నా?"

ఆయన కోడలిని కింది నుంచి పైకి చూశాడు. చూపు ఆమె చంక దగ్గర ఆగింది.

"బిడ్డ లోపలోడు," అన్నాడు.

తిరుపాలమ్మకు ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా ఒక ఇల్లు కావాలి. రెండేళ్ళు ఈ ఇంటి పొయ్యి ఊది, ఈ ముసలాయన జ్వరానికి రాత్రులు మేలుకుని, ఈ భద్రమ్మ కాళ్ళు పట్టి, ఇంటి మాట తప్పు పలుకుతానేమోనని నిద్రలో కూడా పేక పేక అని కలవరించింది. ఇదన్నమాట లెక్క. బిడ్డను ఇంకాస్త దగ్గరికి అదుముకుని బయటికి నడిచింది.

"సార్!" అంది. అరుగు మీద నిలబడి అందరికీ వినపడేలా అంది. "వీధంతా ఇనింది. ఆ మాట ఊరందరికీ తెల్సు, మా తమ్ముడికి తప్ప. అయినా నేను చెప్తే మీరు నమ్మరు. నేను బయటిదాన్ని. వద్దు, నా మాట నమ్మొద్దు. నా మొగుడు చెప్తే నమ్ముతారా?"

జనంలో కదలిక వచ్చింది. పేకో అని బదులిచ్చినప్పటి నుంచి వాళ్ళకు ఇబ్బందిగానే ఉంది. దొంగ తమలోనే ఒకడని ఆ పిల్ల అనకుండానే అనేసింది కదా.

"ఆయప్ప కండ్లారా చూసినాడు," తిరుపాలమ్మ గొంతు పెంచింది. "కొట్టేటప్పుడు ముసుగు జారిందో లేదో, గొంతు గుర్తుపట్టినాడో లేదో, ఆయప్పకే తెల్సు. లేస్తాడు. నాకు తెల్సు, లేస్తాడు. ఆయప్ప నోట ఎవురి పేరొస్తే వాళ్ళను కట్టేయండి సార్. వాళ్ళు ఎవురైనా సరే. ఆడదైనా, మగోడైనా, ఈ ఇంటోళ్ళైనా. అంతదాకా నా తమ్ముణ్ణి జీపెక్కించొద్దు."

"న్యాయంగానే ఉండాది," అన్నాడు జనంలో ఒకడు.

"ఏమప్పా సావుకారూ?" హెడ్డు శ్రీరంగప్ప వైపు తిరిగాడు. "కొడుకు మాటకు నువ్వు కట్టుబడతావా?"

శ్రీరంగప్ప మొహం మట్టిరంగుకు తిరిగింది. గడప మీద కూర్చున్న అక్క రెండు చేతులతో ఆయన పంచె అంచు పట్టుకుంది. కాదంటే వీధి ముందు పరువు పోతుంది. అవునంటే కొడుకు నోట మేనల్లుడి పేరు వస్తుంది. ముందుచూపు గల మనిషికి మొదటిసారి ముందు ఏమీ కనపడలేదు.

"కట్టుబడతా," అన్నాడు. "నా కొడుకు ఎవురి పేరు చెప్తే వాళ్ళు."

"విన్నారు కదా అందరూ?" హెడ్డు జనం వైపు తిరిగాడు.

"ఇన్న్యాం," అన్నారు.

తిరుపాలమ్మ స్తంభం దగ్గరికి పోయి, కొంగు తడిపి తమ్ముడి పెదవి తుడిచింది. "అక్కా, గొర్రెలు..." అన్నాడు వాడు. "ఉంటాయిలే నాయనా, యాడికీ పోవు," అంది. ఆమెకు భయం పోయింది. వెంకటేశులు లేస్తాడు. జీవితంలో మొదటిసారి నోరు తెరుస్తాడు. ఆ ఒక్క మాటతో ఈ తాళ్ళు తెగుతాయి. ఆ నమ్మకంతో ఆమె చెంబెడు నీళ్ళు తాగి, బిడ్డకు పాలిచ్చింది.

పొద్దు వాలుతుండగా ధర్మవరం మీంచి వచ్చే బస్సు ఊరి బయట ఆగింది. కాసేపటికి లింగన్న వీధిలోకి పరుగున వచ్చాడు. శ్రీరంగప్ప మగ్గాల్లో పనివాడు, వెంకటేశులు పక్కన ఆసుపత్రిలో కాపలా ఉన్నవాడు. దుమ్ము కొట్టుకుపోయి, ఆయాసపడుతూ అరుగు ముందు నిలబడ్డాడు.

"బతికుండాడా?" శ్రీరంగప్ప అరిచాడు.

"బతికుండాడు సావుకారూ. కండ్లు తెరిచినాడు."

తిరుపాలమ్మ కళ్ళు మూసుకుని, ఊరి దేవతలందరికీ దండం పెట్టుకుంది.

"మాట్లాడినాడా?" అడిగాడు హెడ్డు.

"మాట్లాడినాడు సార్. ఆడ పోలీసాయన మంచం కాడికొచ్చి, ఎవురప్పా నిన్ను కొట్టింది, పేరు చెప్పు అన్నాడు. పలకలేదు. మళ్ళా అడిగినాడు. అప్పుడు నోరు తెరిచినాడు. ఒకటే మాట. మళ్ళా కండ్లు మూసుకున్యాడు. పోలీసాయన అది రాసుకున్యాడు."

"ఎవురి పేరు?"

లింగన్న జనాన్ని చూశాడు. శ్రీరంగప్పను చూశాడు. తిరుపాలమ్మ వైపు చూడబోయి తల వంచుకున్నాడు.

"చెప్పప్పా!"

"తిరుపాలూ... అన్నాడు సార్."

తిరుపాలమ్మ పెద్దగా నవ్వింది. నవ్వుతూనే కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

"నన్నే పిలిచినాడా? నా పేరే చెప్పినాడా లింగన్నా? నా పేరేనా?"

ఆ పిలుపు ఆమెకు తెలుసు. పోగు తెగినా తిరుపాలూ, దాహమైనా తిరుపాలూ, తల నొచ్చినా, పీడకల వచ్చినా తిరుపాలూ. ఆ ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచే మనిషి అతనొక్కడే. పోలీసు అడిగింది అతనికి వినపడి ఉండదు. కళ్ళు తెరిచాడు, నొప్పి పుట్టింది, పెళ్ళాన్ని పిలిచాడు. అంతే. ప్రాణం లేచి వచ్చినంత సంతోషంతో ఆమె మొహాలన్నీ చూసింది, తనతో పాటు సంతోషించేవాళ్ళ కోసం.

ఒక్కరూ నవ్వడం లేదు. ఎవరి పేరొస్తే వాళ్ళను కట్టేయమని ఆమె అన్న మాటలే వాళ్ళందరి మొహాల్లో ఉన్నాయి. న్యాయంగానే ఉందని పొద్దున అన్నవాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

శ్రీరంగప్ప ఎప్పటినుంచో బిగబట్టిన ఊపిరి వదిలాడు. "నా కొడుకే చెప్పినాడు," అన్నాడు, ఎవరితోనూ కాదు. భద్రమ్మ గడప మీంచి లేచింది. చీర దులుపుకుని, నేరుగా వచ్చి, తిరుపాలమ్మ చంకలోంచి బిడ్డను లాక్కుంది. తిరుపాలమ్మ చేతులు ఇంకా బిడ్డను పట్టుకున్నట్టే ఉండిపోయాయి.

హెడ్డు స్తంభం దగ్గరికి పోయి ఓబుళేసు చేతులకున్న కట్లు విప్పాడు. విప్పిన తాడు కింద పడేయలేదు.